టెక్ సందేహాలు: లినక్స్ వేశాక వైఫై మాయమైంది

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. నా పాత లాప్‌టాప్‌కి విండోస్ 11 రాదన్నారు. మా అబ్బాయి విండోస్‌కి బదులుగా వాడుకునే ఉచిత వ్యవస్థ లినక్స్ మింట్ వేశాడు. చకచకా పనిచేస్తోంది గానీ వైఫై గుర్తు కనిపించడం లేదు. కంపెనీ పేరు, మోడల్ కింద రాశాను. మళ్లీ విండోస్ 10 వేయించుకోవడమేనా?

జవాబు: వద్దండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు, అంటే భద్రతా లోపాలను సరిదిద్దే అప్‌డేట్లు ఇవ్వడం, 2025 అక్టోబరు 14తో ముగిసింది. పిల్లల మార్కులు, మీ బ్యాంకు పనులు అన్నీ ఆ లాప్‌టాప్‌లోనే నడుస్తాయి కాబట్టి వెనక్కి వెళ్లమని నేను చెప్పలేను. పైగా మీ సమస్య తీరేదే.

మీరు పంపిన మోడల్ పేరుతో మాత్రం నాకు పెద్దగా తెలిసేదేమీ లేదు. ఒకే మోడల్ పేరుతో అమ్మిన లాప్‌టాప్‌లలో కూడా ఒకదానిలో ఇంటెల్ వైఫై కార్డు, మరొకదానిలో రియల్‌టెక్, ఇంకొకదానిలో బ్రాడ్‌కామ్ ఉండవచ్చు. లినక్స్‌కి కావలసింది ఆ కార్డులోని చిప్ ఏ కంపెనీదన్నది. మింట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిచి, నెట్‌వర్క్ అన్న చోట చూడండి. పేరు పక్కన చిప్ గుర్తింపు సంఖ్య కూడా ఉంటుంది. అది 8086తో మొదలైతే ఇంటెల్, 10ఈసీ (10ec) అయితే రియల్‌టెక్, 14ఈ4 (14e4) అయితే బ్రాడ్‌కామ్.

ఇంటెల్ అయితే సాధారణంగా ఇబ్బందే ఉండదు. ఆ కంపెనీయే డ్రైవర్లు (పరికరాన్ని నడిపించే ప్రోగ్రాములు) రాసి లినక్స్‌కి అందిస్తుంది. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం బ్రాడ్‌కామ్ మీద. తన చిప్‌లు ఎలా పనిచేస్తాయో ఆ కంపెనీ చాలాకాలం బయటపెట్టలేదు. స్వచ్ఛంద ప్రోగ్రామర్లు ఆ కంపెనీ డ్రైవర్ పనిచేసే తీరును పరిశీలించి, బీ43 అనే డ్రైవర్‌ని సొంతంగా రాసుకున్నారు. ఎవరూ జీతం ఇవ్వకపోయినా అంత ఓపికగా చేసిన ఆ పని మీద నాకు ఎంతో గౌరవం. అయితే చిప్‌లోకి ఎక్కాల్సిన ఫర్మ్‌వేర్‌ని (చిప్ లోపల నడిచే కంపెనీ ప్రోగ్రాముని) పంచిపెట్టే హక్కు వారికి లేదు. అందుకే కొన్ని బ్రాడ్‌కామ్ కార్డులకు కావలసిన ఫైళ్లను ఇన్‌స్టాల్ అయ్యాక విడిగా తెచ్చుకోవాలి.

తెచ్చుకోవడానికి నెట్ కావాలి, నెట్‌కి వైఫై కావాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. మీ ఫోనుని చార్జింగ్ వైరుతో లాప్‌టాప్‌కి కలిపి, ఫోను సెట్టింగుల్లో యూఎస్‌బీ టెదరింగ్ (ఫోను నెట్‌ని వైరు ద్వారా లాప్‌టాప్‌కి ఇచ్చే సదుపాయం) ఆన్ చేయండి. వైరు డేటాను కూడా మోసేదై ఉండాలి, కొన్ని చౌక వైర్లు చార్జింగ్‌కే పనికొస్తాయి. నెట్ రాగానే మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరవండి. తగిన డ్రైవర్‌ని అదే చూపిస్తుంది. ఎంచుకుని, లాప్‌టాప్‌ని రీస్టార్ట్ చేయండి.

ఒక మెలిక ఉంది. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని ప్రోగ్రాములను అడ్డుకునే భద్రతా ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఇన్‌స్టాల్ సమయంలో ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్ కాగానే నీలం తెర వస్తుంది. కంగారుపడి కంటిన్యూ బూట్ నొక్కేస్తే డ్రైవర్ పనిచేయదు. ఎన్‌రోల్ ఎంఓకే (Enroll MOK) ఎంచుకుని, ఇందాకటి పాస్‌వర్డ్ ఇవ్వండి.

అప్పటికీ రాకపోతే లినక్స్‌తో పనిచేస్తుందని ముందే నిర్ధారించుకుని చిన్న యూఎస్‌బీ వైఫై పరికరం కొనండి. లోపలి కార్డు మార్పించే ముందు జాగ్రత్త: కొన్ని పాత లాప్‌టాప్‌ల బయోస్ (మెషిన్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రాము) తన జాబితాలోని కార్డులనే ఒప్పుకుంటుంది.

మీ అబ్బాయికి ఒక మాట చెప్పండి. పెన్‌డ్రైవ్ నుంచి మింట్‌ని ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపి చూడవచ్చు. ఇకముందు ఎవరి లాప్‌టాప్ పట్టుకున్నా ముందు అలా నడిపి వైఫై, స్పీకరు, కెమెరా, టచ్‌ప్యాడ్ సరిచూడాలి. మూత వేసి తెరిస్తే మేలుకుంటోందా అన్నది తప్పక చూడాలి. డిస్క్‌లో ఉన్నదంతా చెరిపేశాక తెలుసుకుంటే ఏం లాభం?

ప్రశ్న: భీమవరంలో రొయ్యల మేత దుకాణం మాది. కెనాన్ ఎల్‌బీపీ 2900 ప్రింటర్, జీఎస్‌టీ పనులకు డిజిటల్ సంతకం టోకెన్ (యూఎస్‌బీకి పెట్టే చిన్న పరికరం) ఉన్నాయి. లినక్స్‌కి మారవచ్చా?

జవాబు: బిల్లులు కొట్టే యంత్రాన్ని ఇప్పుడే కదపవద్దు. ఆ ప్రింటర్‌కి కంప్యూటర్ నుంచి ప్రింట్ సమాచారం పంపే కెనాన్ సొంత క్యాప్ట్ పద్ధతి తప్ప వేరేది అర్థం కాదు. లినక్స్‌లో నడిపించే దారులున్నా, పట్టుబడి కాలంలో దుకాణం నిండా రైతులున్నప్పుడు వాటితో కుస్తీ పట్టలేరు. టోకెన్ తయారీదారు లినక్స్ డ్రైవర్ ఇస్తున్నారో లేదో ముందు కనుక్కోండి. ఇంట్లో మరో లాప్‌టాప్ ఉంటే దానితో మొదలుపెట్టండి.

ప్రశ్న: పాలకొల్లులో డీటీపీ చేస్తాను. లినక్స్‌లో తెలుగు టైపింగ్ వస్తుందా?

జవాబు: చక్కగా వస్తుంది. కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) సిద్ధం. ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే అలవాటుంటే టైపింగ్ పద్ధతులు మార్చే ఐబస్ ప్రోగ్రాముతో పాటు దానికి తోడయ్యే ఎం17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. అయితే అను ఫాంట్లలో చేసిన మీ పాత శుభలేఖలు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలను ఒకేలా గుర్తించే పద్ధతిలో) లేవు. ఆ ఫాంట్లు లేనిచోట అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తాయి. మారే ముందే వాటిని యూనికోడ్‌లోకి మార్చి, పీడీఎఫ్ ప్రతులు కూడా దాచుకోండి.