సీసం గుట్ట దిగువ చేను

చి॥ శ్రీనుకు ఆశీస్సులు.

బండ్లమోటు వైపు మూడెకరాలు కౌలుకు చూశానన్నావు. కాగితం రాసుకోకముందే మట్టి పరీక్ష చేయించు. అక్కడ సీసం గని మూతపడి ఏళ్లయిన మాట నిజమే. కానీ రాయిని పిండి చేసి ఖనిజం తీసేసుకున్నాక మిగిలే సన్న ఇసుక పైన గుట్ట మీద ఎక్కడున్నా, ఎండాకాలం గాలికీ తొలకరి వరదకీ కింది చేలోకే దిగుతుంది.

సాయిల్ హెల్త్ కార్డు చూసి ధైర్యపడకు. అందులో ఉండే 12 అంశాల్లో జింకు, రాగి ఉంటాయి గానీ సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అనే విష పదార్థాలు ఉండవు. లోహాలు కొంచెమున్నా కొలిచే ఏఏఎస్ లేదా ఐసీపీ యంత్రమున్న ల్యాబులో ఈ మూడూ ఎంతున్నాయో చూడమని విడిగా అడగాలి. మొత్తం ఎంతో ఒక అంకె, సీసం, కాడ్మియంలలో మొక్కకు అందేది ఎంతో డీటీపీఏ పద్ధతిలో (ఆ ద్రావణంతో మట్టి నుంచి లోహాన్ని కరిగించి చూసేది) ఇంకో అంకె, రెండూ కావాలి.

మట్టి తీయడానికి జింకు బకెట్, రంగు వేసిన పార పనికిరావు, వాటి లోహమే లెక్కలోకి వస్తుంది. చెక్క గరిటె, ప్లాస్టిక్ బకెట్ చాలు. పైన చెత్త తీసేసి ఆరంగుళాల లోతున వీ ఆకారంలో గుంట తీసి, దాని పక్క గోడ నుంచి పైనుంచి కిందదాకా పలచగా చెక్కు. చేనులో ఒక్కో భాగానికి అలా పది పదిహేను చోట్ల తీసి, కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు రెండు పారేస్తూ అరకిలోకి తగ్గించు. నీడలో ఆరబెట్టు. గుట్ట వైపు గట్టు పక్కది, నీళ్లు దిగే మడవ దగ్గరది, చేను నడుమది వేర్వేరు సంచుల్లో ఉండాలి. మూడూ కలిపేస్తే చెడ్డ మూల మంచి మట్టిలో దాక్కుంటుంది. గుట్టకు ఎగువన, వరద ఎక్కని చేను నుంచి ఇంకో సంచి తీసుకో, పోల్చుకోవడానికి.

మన దేశంలో చెప్పుకునే హద్దు కిలో మట్టికి సీసం 250–500 మిల్లీగ్రాములు, కాడ్మియం 3–6. నేనైతే రెండింట్లోనూ తక్కువ అంకె దగ్గరే ఆగుతాను.

ఫలితం వచ్చేదాకా లోతు దుక్కి వద్దు. లోతుగా దున్నని నేలలో సీసం ఎక్కువగా పై రెండు మూడు అంగుళాల్లోనే పట్టుకుని ఉంటుంది. చెడ్డ మూల చిన్నదైతే ఆ పొర గీకి తీసెయ్యొచ్చు, దున్ని కలిపాక ఆ దారి పోతుంది. ముందు చేయాల్సింది గుట్ట వైపు కాలవ తీసి వరదను పక్కకు మళ్లించడం, గట్టు మీద వట్టివేరు దగ్గరదగ్గరగా నాటడం. పై నుంచి వచ్చేది ఆగకుండా లోపల ఏం వేసినా దండగే.

తర్వాత పీహెచ్, అంటే మట్టి పులుపు చెప్పే అంకె, చూడు. ఏడు దాటితే సీసం, కాడ్మియం మట్టికి గట్టిగానే అంటుకుని ఉంటాయి, సున్నం అక్కర్లేదు. గంధకపు రాళ్ల ఇసుక చేరిన చోట మాత్రం మట్టి పులుస్తుంది, పసుపుపచ్చ పొరలు కడుతుంది. అక్కడ సున్నం కావాలి, ఎంతన్నది ల్యాబే చెప్పాలి. సున్నం బదులు జిప్సం వేసేవాళ్లున్నారు, దాంతో పులుపు విరగదు. అమ్మోనియం సల్ఫేట్ అయితే ఇంకా పులుపు పెంచుతుంది. సూపర్ ఫాస్ఫేట్ సీసాన్ని కట్టేస్తుంది కానీ ఆర్సెనిక్ ఉంటే దాన్ని వదిలిస్తుంది, అందుకే ఆర్సెనిక్ అంకె చూడకుండా వెయ్యకు. ఎకరాకు నాలుగైదు టన్నుల మాగిన పశువుల ఎరువు ఎలాగూ మంచిదే. టౌను చెత్త ఎరువు వద్దు, అందులోనే సీసం ఉండొచ్చు.

పొద్దుతిరుగుడు వేస్తే సీసం పీల్చేస్తుందని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకో. దశాబ్దాలు పడుతుంది, ఆ కట్టె కాలిస్తే బూడిదలో మళ్లీ నేలకే.

తోటకూర, పాలకూర, ముల్లంగి, చిలగడదుంప ఆ చేలో వద్దు. వేరుశనగ కాడ్మియం పట్టుకుంటుంది. పత్తి, మొక్కజొన్న నయం. మిరప వేస్తే కాయలో కంటే కాయ మీదే భయం: వట్టి నేల మీద ఆరబోసిన కాయ ముడతల్లో దుమ్ము ఇరుక్కుని కారంలోకి వస్తుంది. కింద టార్పాలిన్ తప్పనిసరి. గేదెల్ని గట్టున కట్టకు, గడ్డి వేళ్లతో పీకి మట్టి కూడా తింటాయి. చేలో తొడిగిన చెప్పులు గుమ్మం బయటే, ఇల్లు పొడిగా ఊడవకుండా తడిగుడ్డతో తుడవమను. నేల మీద పాకే చంటిది ఉంది గదా.

పరీక్ష కాగితం రాగానే ఫొటో పంపు, డీటీపీఏ వరుస కనబడేలా.

మీ బాబాయి