పూల్ దగ్గర ఉద్యోగం, ఇంగ్లిష్ క్లాసులో కథలు

సందేహం: విజయవాడ నుంచి బ్యాచిలర్స్ చదవడానికి అమెరికా వచ్చాను. ఎఫ్-1 (స్టూడెంట్) వీసా. చిన్నప్పటి నుంచి కాలువలో ఈత అలవాటు. మా క్యాంపస్ రిక్రియేషన్ సెంటర్‌లో లైఫ్‌గార్డులు కావాలట. ఈ సెమిస్టర్‌లోనే ఇంగ్లిష్ కాంపోజిషన్ క్లాసు కూడా ఉంది. అమెరికన్ కథలు చదివి వ్యాసాలు రాయాలి. కథ అర్థమైనట్టే ఉంటుంది, రాయడానికి కూర్చుంటే ఏమీ తోచదు. టెన్షన్‌గా ఉంది. పూల్ దగ్గర కూర్చుని చదువుకోవచ్చు కదా అని అప్లై చేద్దామనుకుంటున్నాను. మంచి పనేనా అన్నా?

జవాబు: అప్లై చెయ్యి తమ్ముడూ. కూర్చుని చదువుకోవచ్చనే ఆలోచన మాత్రం ఇప్పుడే వదిలెయ్. లైఫ్‌గార్డ్ కుర్చీ మీద ఫోన్ తీసినా, పుస్తకం తీసినా ఉద్యోగం మీదికి వస్తుంది. చాలా పూల్స్‌లో 10/20 పద్ధతి పాటిస్తారు. నీకు అప్పగించిన నీళ్లన్నీ 10 సెకన్లలో కళ్లతో గాలించాలి, ఎవరైనా ఇబ్బందిలో ఉంటే మరో 20 సెకన్లలో వాళ్ల దగ్గరికి చేరాలి. అరగంటకోసారి చోటు మారుస్తూ ఉంటారు. ఎందుకంటే అంతసేపు ఒకేచోట చూస్తే కళ్లు తెరిచే ఉంటాయి కానీ మనసు ఎటో పోతుంది.

ముందు వీసా సంగతి. క్యాంపస్ పూల్ అయితే అది ఆన్-క్యాంపస్ ఉద్యోగం. క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలు దాటకూడదు. క్యాంపస్‌లో రెండు ఉద్యోగాలు చేస్తే రెండూ కలిపే ఆ 20. సెలవుల్లో ఫుల్‌టైమ్ చేయొచ్చు. ఊళ్లో సిటీ పూల్, అపార్ట్‌మెంట్ పూల్ మాత్రం జోలికి పోకు, 'క్యాష్ ఇస్తాం' అన్నా సరే. వేసవిలో అలా అడిగేవాళ్లు తగులుతూనే ఉంటారు. జీతం మొదలయ్యాక పే స్లిప్ కూడా చూసుకో. ఎఫ్-1 మీద వచ్చిన మొదటి 5 క్యాలెండర్ సంవత్సరాలు మామూలుగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు నీ జీతంలోంచి కోయకూడదు. పొరపాటున కోస్తే పేరోల్ వాళ్లనడిగి వెనక్కి తెచ్చుకోవచ్చు.

పనిలో పనిగా తల్లిదండ్రులకు ఒక మాట. పక్కింటి అమెరికన్ పిల్లాడు 15 ఏళ్లకే కమ్యూనిటీ పూల్‌లో లైఫ్‌గార్డ్ అయ్యాడని, హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న మన పిల్లలను కూడా పంపకండి. వాళ్లు జీతానికి పనిచేయకూడదు.

ఇక ఈత. మన కాలువల్లో, బావుల్లో నేర్చుకున్న ఈతలో తల నీళ్లపైనే ఉంటుంది. ఇక్కడ పరీక్షలో ముఖం నీళ్లలో పెట్టి లయగా ఊపిరి తీసుకుంటూ ఈదాలి. అందుకే మనవాళ్లలో మంచి ఈతగాళ్లు కూడా మొదటిసారి తడబడతారు. రెడ్‌క్రాస్ వాళ్ల లైఫ్‌గార్డ్ కోర్సులో చేరాలంటే రెండు నిమిషాలు చేతులు వాడకుండా కాళ్లతోనే నీళ్లలో నిలదొక్కుకోవాలి. 7 నుంచి 10 అడుగుల లోతులోంచి 10 పౌండ్ల ఇటుక తీసి, రెండు చేతులతో పట్టుకుని, వెల్లకిలా ఈదుకుంటూ రావాలి. దానికి గాగుల్స్ పెట్టుకోనివ్వరు. నీళ్లలో దిగినప్పటి నుంచి ఒడ్డెక్కేదాకా 1 నిమిషం 40 సెకన్లే టైమ్. ఒక నెల రోజులు క్యాంపస్ పూల్‌లోనే ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తుంది. సర్టిఫికెట్ రెండేళ్లు చెల్లుతుంది, అందులోనే సీపీఆర్ (గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కి, ఊపిరి ఊది కాపాడే పద్ధతి) కూడా నేర్పుతారు. ఆ సీపీఆర్ నీ జీవితమంతా పనికొస్తుంది.

పెద్దవాళ్లకు చెప్పడం కూడా నేర్చుకోవాలి. నీకన్నా ముప్పై ఏళ్లు పెద్దాయన తడి నేల మీద పరుగెత్తుతుంటే విజిల్ వేసి 'వాక్!' అనాలి. జీన్స్ ప్యాంటుతో పూల్‌లో దిగబోయే తెలుగు అంకుల్‌ను ఆపాల్సిన రోజు కూడా వస్తుంది. నాకూ వచ్చింది. 'మనవాడివి కదా బాబూ' అన్నారు. మనవాణ్ణయినా రూల్ రూలేనండీ అని నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు.

అసలు విషయం వేరే ఉంది. న్యూయార్క్‌లోని ఆర్చర్డ్ బీచ్‌లో లైఫ్‌గార్డ్‌గా పనిచేసిన ఫ్రాంక్ పియా, మునిగిపోతున్న మనుషులు ఎలా ప్రవర్తిస్తారో ఫిల్మ్ తీసి మరీ గమనించాడు. సినిమాల్లో లాగా 'కాపాడండి' అని అరవరు, చెయ్యి ఊపరు. నోరు నీళ్లపైకి వచ్చిన ఆ క్షణం ఊపిరికే చాలదు, ఇంక కేకెక్కడిది? చేతులు పక్కలకు చాచి నీళ్లను కిందికి నొక్కుతుంటాయి. మనిషి నిటారుగా, దాదాపు కదలకుండా ఉంటాడు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో అయిపోతుంది. పక్కనే ఆడుకుంటున్నవాళ్లకు కూడా తెలియదు. ట్రైనింగ్‌లో నీకు నేర్పేది ముఖ్యంగా ఇదే: గోల చేసేవాణ్ణి కాదు, గోల ఆపేసినవాణ్ణి చూడు.

నీ ఇంగ్లిష్ క్లాసుకు కూడా ఇదే చూపు కావాలి. మన స్కూళ్లలో పాఠం చివర 'ఈ కథలోని నీతి ఏమిటి?' అని అడిగేవారు, మనం రాసేవాళ్లం. అమెరికన్ ప్రొఫెసర్ దగ్గర ఆ జవాబుకు మార్కులు పడవు. 'తాగుడు మంచిది కాదు' అని రాస్తే, కథలో అది ఎక్కడుంది, ఏ వాక్యంలో కనిపించింది అంటారు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ కథల్లో చాలావాటిలో ముఖ్యమైన సంగతి పైకి చెప్పరు. మంచుకొండలో ఎనిమిదో వంతే నీళ్లపైన ఉంటుందని హెమింగ్వే 1932లో రాసింది దీని గురించే. చాసో కథలు చదివినవాడికి ఇదేమంత కొత్త కాదు.

సిలబస్‌లో ఉన్నా లేకున్నా జాన్ చీవర్ 1964 నాటి కథ 'ది స్విమ్మర్' చదువు. నెడ్డీ మెరిల్ అనే ఆయన ఒక ఆదివారం స్నేహితుల ఇంట్లో పూల్ పక్కన కూర్చుని, తన ఇల్లు ఎనిమిది మైళ్ల దూరంలో ఉందనీ, దారిలో ఉన్న పూల్స్ అన్నీ ఈదుకుంటూ ఇల్లు చేరొచ్చనీ అనుకుంటాడు. ఆ పూల్స్ వరసకు భార్య పేరు కూడా పెట్టుకుంటాడు. మొదట్లో అందరూ డ్రింక్ ఇచ్చి పలకరిస్తారు. పోను పోను మర్యాద తగ్గుతుంది. నడివేసవి అనుకున్నది కాస్తా చెట్ల ఆకులు ఎర్రబడి రాలుతుంటాయి, ఆయనకు చలేస్తుంది. ఒకావిడ 'మీకు వచ్చిన కష్టాలు విని బాధపడ్డాం' అంటుంది, ఆయనకేమో అవేమిటో గుర్తు లేదు. చివరికి ఇల్లు చేరితే తలుపుకు తాళం, లోపల ఎవరూ లేరు.

మధ్యలో ఆయన ఒక పబ్లిక్ పూల్‌లో కూడా దిగుతాడు. అక్కడ ఇద్దరు లైఫ్‌గార్డులు ఎత్తయిన కుర్చీల మీద కూర్చుని విజిళ్లు వేస్తూ, మైకులో జనాన్ని కసురుతుంటారు. నెడ్డీ దగ్గర గుర్తింపు బిళ్ల లేదని బయటికి పొమ్మని అరుస్తారు. నా లెక్కలో కథకు గుండెకాయ అదే. కథలో నిజంగా మునిగిపోతున్న మనిషి ఆయనే. కాపాడే ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆయన దగ్గర బిళ్ల లేకపోవడమే కనిపించింది. చీవర్ ఈ మాట ఎక్కడా రాయలేదు. నువ్వు రాయొచ్చు. విజిల్, బిళ్ల, ఆకుల రంగు, చలి, వీటిని కథలోంచి ఎత్తి చూపించి రాస్తే అదే వ్యాసం.

జాన్ అప్‌డైక్ రాసిన 'లైఫ్‌గార్డ్' కూడా ఉంది, 1962 నాటి 'పిజన్ ఫెదర్స్' సంపుటిలో. మతశాస్త్రం చదివే కుర్రాడు వేసవిలో బీచ్ దగ్గర కుర్చీ ఎక్కి కూర్చుంటాడు. తానెంత అద్భుతమైనవాడో చెప్పుకుంటూ మొదలుపెట్టి, కింద ఉన్న జనం గురించి పెద్ద పెద్ద ఉపన్యాసాలు ఇచ్చుకుంటాడు. సాయం కోసం పిలుపు ఇంతవరకూ తనకు వినిపించలేదని చివర ఒప్పుకుంటాడు. ఇక్కడ జాగ్రత్త. ఆ కుర్రాడి మాటలు అప్‌డైక్ మాటలని రాయకు. కథ చెప్పేవాడు వేరు, రాసినవాడు వేరు. పియా చెప్పింది చదివాక ఆ చివరి మాట నాకు మరోలా వినిపించింది. పిలుపు కోసం చెవి రిక్కించి కూర్చున్నవాడు చూడాల్సింది చూస్తున్నాడా అనిపించింది. మీ ప్రొఫెసర్ ఒప్పుకోకపోవచ్చు. ఫర్వాలేదు, ఆఫీస్ అవర్స్‌లో (ప్రొఫెసర్ తన గదిలో విద్యార్థులను కలిసే వేళల్లో) వాదించు. ఇక్కడ అది అమర్యాద కాదు.

చదివేటప్పుడు కథను రెండుసార్లు చదువు. మొదటిసారి ఊరికే. రెండోసారి పెన్సిల్‌తో, మాట ఎక్కడ తెగిపోయిందో, అడిగినదానికి ఎవరు జవాబు చెప్పకుండా వేరే మాట ఎత్తారో అక్కడ గీత పెట్టు. నెట్‌లో దొరికే సారాంశాలు, ఏఐ రాసిచ్చే వ్యాసాలు వద్దు. పట్టుబడితే అకడమిక్ ఇంటెగ్రిటీ కేసు, అంటే చదువులో మోసం చేశావన్న కేసు అవుతుంది. అది సస్పెన్షన్ దాకా పోతే నీ ఎఫ్-1 స్టేటస్‌కే ఎసరు. క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ (వ్యాసాలు రాయడంలో సాయం చేసే చోటు) ఉంటే మొదటి డ్రాఫ్ట్‌తోనే వెళ్లు, గ్రామర్ దిద్దించుకోవడానికి కాదు, నీ వాదన నిలుస్తుందో లేదో చూడమని.

సెమిస్టర్ మొదట్లోనే పేపర్ల తేదీలు పూల్ సూపర్‌వైజర్‌కు చూపించి షిఫ్టులు అడుగు. పొద్దున ఆరింటి షిఫ్టు ఎవరికీ అక్కర్లేదు కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది, సాయంత్రాలు నీ చేతిలో ఉంటాయి. ఫైనల్స్ వారానికి షిఫ్టు మార్చుకునేవాళ్లను మాత్రం నెల ముందే చూసుకో.