ఇంగ్లీషు బాగా వస్తే నార్వేజియన్ తేలికేనా?

ఇంగ్లీషు బాగా వచ్చినవారికి నార్వేజియన్ తేలికేనా అని అడిగారు. పుస్తకంలోని నార్వేజియన్ తేలికే. నేనైనా, నువ్వైనా, వాళ్లైనా క్రియకు ఒకటే రూపం. ఇంగ్లీషులోని ఆమ్, ఈజ్, ఆర్ పేచీ కూడా లేదు. ఇంగ్లీషు అలవాటు దెబ్బతీసేది మాటల వరుసలో. వాక్యం "రేపు" అని మొదలైతే వెంటనే క్రియ రావాలి, కర్త ఆ తరువాతే: "రేపు వస్తాను నేను". ఇది నోటికి పట్టడానికి నాకు ఏడాది పట్టింది.

అసలు కష్టం మాండలికాలతోనే. ఓస్లో పలుకుబడిలో పాఠాలు నేర్చుకుని, పరీక్ష గట్టెక్కి, ఉద్యోగానికి ట్రోండ్‌హైమ్ వెళ్లాను. మొదటి వారంలో మా భవనం బాగోగులు చూసే పెద్దాయనను బట్టలుతికే గది తాళంచెవి ఎక్కడుందని అడిగాను. "యా వైత్ ఇచ్" అన్నాడాయన. ఆ మొదటి మాట మన "బ్యాంకు"లో వినిపించే అచ్చు, అంతే. నాకు ఒక్క ముక్కా అందలేదు. మళ్లీ నిదానంగా అన్నాడు, అయినా అందలేదు. జేబులోంచి పెన్ను తీసి ఒక కవరు వెనుక రాసి చూపించాడు. అది నేను చదువుకున్న "యై వేత్ ఇక్కె". నాకు తెలియదు అని అర్థం. ఉన్నవి మూడు మాటలు, మూడూ వేరుగా పలికాడు! తరువాత కూడా ఆయన ఇంగ్లీషులోకి మారలేదు. నేను ఓస్లో మాటల్లో, ఆయన తన మాటల్లో పది నిమిషాలు మాట్లాడుకున్నాం. నాకు నార్వేజియన్ వచ్చింది ఆయన వల్లే. తడబడగానే మర్యాద కొద్దీ ఇంగ్లీషు అందుకునే సహోద్యోగుల వల్ల కాదు.

మాండలికం మానుకోమని అక్కడ ఎవరూ అనరు. పిల్లలకు వీలైనంతవరకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని అక్కడి పార్లమెంటు 1878లోనే తీర్మానించింది. ఇవార్ ఓసెన్ అనే భాషా పండితుడు ఊరూరా తిరిగి సేకరించిన పల్లె మాటల నుంచి పుట్టిన రాతభాషకు, నేటి నీనొర్స్క్‌కు, 1885లో అప్పటికే వాడుకలో ఉన్న రాతభాషతో సమాన హోదా ఇచ్చింది. మనకూ గిడుగు రామమూర్తి ఉన్నారు, ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నాం. అయినా శ్రీకాకుళం పిల్లవాడు నగరంలో నోరు విప్పితే ఇంకా నవ్వుతున్నారు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

మీరు ఏ ఊరు వెళ్తున్నారో రాయలేదు. బెర్గెన్ అయితే "నేను" అనడానికి "ఏగ్" అంటారు, రకారం గొంతులో పలుకుతారు. ఇప్పటినుంచే ఆ ప్రాంతపు రేడియో వార్తలు రోజూ వినండి.