కార్డు లిమిట్‌ని ఎమర్జెన్సీ ఫండ్ అనుకుంటే బడ్జెట్ ఎప్పటికీ కుదరదు

ప్రశ్న: నాకు 28 ఏళ్ళు, కూకట్‌పల్లిలో సింగిల్ రూమ్‌లో ఉంటాను, పెళ్లి కాలేదు. చేతికి 42,000 వస్తుంది. రూమ్ అద్దె కరెంటుతో కలిపి 9,500, ఇంటికి 8,000, బైక్ ఈఎంఐ 4,300, తిండికి 6,500, పెట్రోల్ 2,500, ఫోన్ వైఫై 1,100, ఓటీటీలు 600, మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టే సిప్ 3,000. క్రెడిట్ కార్డు మీద 68,000 ఉంది, నెలనెలా మినిమమ్ డ్యూ, అంటే కనీసం కట్టాల్సింది మాత్రం, 3,400 కడుతున్నా. అయినా నెలాఖరుకి రూపాయి మిగలట్లేదు. నాన్న డెంగ్యూతో హాస్పిటల్లో ఉన్నప్పుడు, తర్వాత బైక్ టైర్లకి, సంక్రాంతికి కార్డు వాడాను. యాప్‌లో లోన్ తీసుకుని కార్డు క్లోజ్ చేసెయ్యమని ఫ్రెండ్ అంటున్నాడు. ఏ ఖర్చు తగ్గించాలి?

జవాబు: మీ లెటర్ ఎందుకు తీసుకున్నానంటే, ఒంటరిగా ఉండి ఉద్యోగం చేసే పిల్లలు పదిమంది రాస్తే ఏడెనిమిది మంది కథ ఇదే ఉంటుంది. ఏ ఖర్చు తగ్గించాలి అని అడుగుతారు, కానీ అసలు తప్పు ఖర్చులో ఉండదు.

మీరు రాసిన ఖర్చులన్నీ కలిపి చూశాను. 38,900 వచ్చింది. అంటే 3,100 ఎటు పోతుందో మీకే తెలీదు, దాని సంగతి తర్వాత చెప్తా. ముందు ఆ 3,400 చూడండి. మీ కార్డు వడ్డీ నెలకి 3.5 శాతం అనుకుందాం, చాలా కార్డులది ఆ చుట్టుపక్కలే ఉంటుంది. 68,000 మీద వడ్డీ 2,380, దాని మీద 18 శాతం జీఎస్టీ ఇంకో 428. మీరు కట్టే 3,400లో అసలుకి చేరేది 600 కూడా లేదు!! మిగతాదంతా వడ్డీకే, ఏడాదికి ముప్పై వేల పైన. పైగా బాకీ మిగిలున్నన్నాళ్ళూ కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, ఆ నలభై యాభై రోజుల వడ్డీ లేని గడువు మీకు ఉండదు. ఇలాంటప్పుడు 3,000 సిప్ కట్టడం నష్టం. ఏడాదికి 42 శాతం వడ్డీ కడుతూ ఏ ఫండ్‌లో పెట్టినా మీకు మిగలదు, ఈ నెలే పాజ్ చెయ్యండి.

సరే, కార్డు మీదకి బాకీ ఎలా వచ్చింది? నాన్నగారి హాస్పిటల్, టైర్లు, పండగ. వీటిలో టైర్లూ పండగా ముందు తెలియనివి కావు, తప్పకుండా వచ్చేవే, కాకపోతే నెలనెలా రావు కాబట్టి బడ్జెట్‌లో రాయలేదు. బైక్ ఇన్సూరెన్స్ రెండు వేలు, సర్వీసు టైర్లు నాలుగు వేలు, సంక్రాంతికీ దసరాకీ టికెట్లు బట్టలు పన్నెండు వేలు అనుకుంటే ఏడాదికి 18,000, అంటే నెలకి 1,500. అద్దె లాగే దాన్నీ ఒకటో తారీఖునే పక్కన పెట్టాలి.

హాస్పిటల్ మాత్రం నిజంగానే ముందు తెలియనిది. దానికోసమే ఎమర్జెన్సీ ఫండ్ కావాలని ఎన్నేళ్ళ నుంచో మొత్తుకుంటున్నా. మీ ఇంట్లో రెండో జీతం లేదండీ. భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోయినా అద్దె కట్టడం ఆగదు, మీకైతే ఆగిపోతుంది, ఇంటికి పంపే ఎనిమిది వేలు కూడా ఆగిపోతుంది, బైక్ ఈఎంఐ మాత్రం కట్టక తప్పదు. మీకు తప్పనిసరి ఖర్చు నెలకి 32,000 దాకా ఉంది, కాబట్టి ఆరు నెలలకి 1,90,000 చేరాలి. ఒక్కసారి కుదరదు, ముందు 15,000 చేర్చండి. అది జీతం పడే అకౌంట్‌లో వద్దు, వేరే బ్యాంకులో పెట్టి యూపీఐకి లింక్ చెయ్యకండి, డెబిట్ కార్డు పర్సులో పెట్టుకోకండి.

ఇప్పుడు ఆ 3,100. మూడు నెలల స్టేట్‌మెంట్ తీసి వరసగా చదవండి, కానీ బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే చూస్తే దొరకదు. యూపీఐ లైట్‌లో, అంటే పిన్ కొట్టకుండా, కట్టిన చిన్న చిన్నవి అందులో విడిగా కనపడవు, లైట్‌లోకి డబ్బు వేసిన ఎంట్రీయే ఉంటుంది, యాప్ హిస్టరీలోకి వెళ్ళి చూడాలి. ఇంకోటి, టిఫిన్ సెంటర్‌కీ పాన్ షాపుకీ క్యూఆర్ కోడ్ ఓనర్ సొంత పేరు మీదే ఉంటుంది, నెల తర్వాత ఆ పేరు ఎవరిదో గుర్తుండదు. అందుకే కట్టేటప్పుడే నోట్‌లో టిఫిన్, సిగరెట్, ఆటో అని ఒక ముక్క కొట్టండి. నెలనెలా వాటంతటవే కట్ అయ్యే ఆటోపే లిస్ట్ కూడా తెరవండి, మర్చిపోయిన సబ్‌స్క్రిప్షన్లు అక్కడే ఉంటాయి.

నా అంచనా ఏంటంటే ఆ 3,100లో రెండు వేలు దొరుకుతాయి, రాత్రిపూట ఆర్డర్లు వారానికి ఒకటికి తగ్గిస్తే తిండిలో 1,500, ఓటీటీ ఒకటే ఉంచుకుంటే 400. ఆపిన సిప్ 3,000, ఇప్పుడు కడుతున్న 3,400 కలిపితే 10,300. పండగ, బైక్ కోసం 1,500 తీస్తే 8,800. కార్డు బాకీని అదే బ్యాంకులో పన్నెండు నెలల ఈఎంఐకి మార్పించండి, 16 శాతానికి ఇస్తే జీఎస్టీతో సుమారు 6,300 పడుతుంది. మిగిలిన 2,500 నేరుగా ఎమర్జెన్సీ అకౌంట్‌కే, ఆరు నెలల్లో ఆ 15,000 చేరుతుంది. ఏడాది తర్వాత ఈఎంఐ అయిపోతుంది కాబట్టి నెలకి 8,800 మొత్తం అక్కడికే వెళ్ళాలి. సిప్ మళ్ళీ ఎప్పుడంటే, కనీసం మూడు నెలల ఖర్చు చేరాకే.

ఇంటికి పంపేది తగ్గించమని చెప్పను, కానీ కార్డు బాకీ సంగతి నాన్నగారికి చెప్పండి. ఆయనకి హెల్త్ పాలసీ ఉందో లేదో రాయలేదు, లేకపోతే అదీ చూడాలి. షేరింగ్ రూమ్‌కి మారగలిగితే అన్నిటికంటే పెద్ద ఆదా అదే.

లోన్ యాప్ మాత్రం వద్దు. పదివేలు అడిగితే ఫీజు ముందే కోసుకుని చేతికి తక్కువ వేసి వారం రెండు వారాల్లో మొత్తం కట్టమనే యాప్‌ల వల్ల ఎన్ని ఇళ్ళు నలిగిపోయాయో మన దగ్గర అందరికీ తెలుసు. 2022లో ఆర్బీఐ రూల్స్ పెట్టింది, మొత్తం ఖర్చు ఏడాదికి ఎంత శాతమో చూపించే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ ముందే ఇవ్వాలి, ఫోన్‌లో కాంటాక్టులు, ఫోటోలు ముట్టుకోకూడదు. కాంటాక్టులు అడిగిందంటే అక్కడే డిలీట్ చెయ్యండి. మీ ఫ్రెండ్ మంచికే చెప్పి ఉండొచ్చు, కానీ దగ్గర దాచుకున్నది లేకుండా ఒక అప్పు తీసి ఇంకో అప్పు కడితే, మళ్ళీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వచ్చిన రోజు ఖాళీ అయిన కార్డునే గీకుతారు, అప్పుడు బాకీలు రెండవుతాయి.

ఈఎంఐకి మార్చమని రేపే బ్యాంకుకి ఫోన్ చెయ్యండి. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, మధ్యలో మొత్తం కట్టేస్తే ఛార్జ్ ఎంత, ఈ రెండూ అడిగి ఎస్సెమ్మెస్సో మెయిలో పంపమనండి. బాకీ తీరేదాకా ఆ కార్డుని యాప్‌లలోంచి తీసేసి బీరువాలో పెట్టండి.