అలెగ్జాండర్ జ్వెరెవ్ అంత చిన్న వయసులో అగ్రశ్రేణికి ఎలా చేరాడు?

టెన్నిస్ అతనికి ఇంటి చదువు. 1997లో హాంబర్గ్‌లో పుట్టాడు. తల్లిదండ్రులిద్దరూ ఒకప్పటి సోవియట్ క్రీడాకారులు, తండ్రే కోచ్. పదేళ్లు పెద్దవాడైన అన్న మిషా కూడా ప్రొఫెషనల్ ఆటగాడే కావడంతో టోర్నమెంట్ల వాతావరణం చిన్నప్పుడే అలవాటైంది.

2014 మొదట్లో ఆస్ట్రేలియన్ ఓపెన్ జూనియర్ టైటిల్ గెలిచాడు. అయితే జూనియర్ విజేతలు చాలామంది ఆ తర్వాత ఊసే లేకుండా పోతారు. ఇతను పోలేదు. అదే ఏడాది జులైలో సొంతూరి టోర్నీలో, పదిహేడేళ్లకే, సెమీస్ దాకా వెళ్లి డేవిడ్ ఫెర్రర్ చేతిలో ఓడాడు. అప్పటివరకూ ఏటీపీ టూర్‌లో (పురుషుల ప్రొఫెషనల్ టెన్నిస్‌లో అగ్రస్థాయి టోర్నీల వరుస) ఒక్క మ్యాచ్ కూడా గెలవని కుర్రాడతను!

2016లో సెయింట్ పీటర్స్‌బర్గ్ ఫైనల్లో వావ్రింకాను ఓడించి తొలి టైటిల్ అందుకున్నాడు. నా దృష్టిలో అసలు మలుపు మాత్రం 2017 రోమ్ ఫైనల్. జకోవిచ్‌పై 6-4, 6-3తో గెలిచి, 1990ల్లో పుట్టినవాళ్లలో మాస్టర్స్ 1000 (గ్రాండ్ స్లామ్‌ల తర్వాతి పెద్ద టోర్నీలు) టైటిల్ కొట్టిన మొదటివాడయ్యాడు. దాంతో ప్రపంచ ర్యాంకింగుల్లో టాప్ 10లోకి వచ్చాడు. ఆగస్టులో మాంట్రియల్ ఫైనల్లో ఇతని చేతిలో ఓడటం ఫెదరర్ వంతైంది.

ఆరున్నర అడుగుల మనిషి కాబట్టి సర్వీస్ బలంగా ఉండటంలో వింత లేదు. ఆ ఎత్తుకి బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) మీద అంత చురుగ్గా కదలడం, రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్ అంత నిలకడగా ఆడటం అరుదు.

గ్రాండ్ స్లామ్‌లలో మాత్రం అయిదు సెట్ల పోరు అప్పట్లో అతన్ని ఇబ్బంది పెట్టింది. మొదటి క్వార్టర్ ఫైనల్‌కే 2018 ఫ్రెంచ్ ఓపెన్ దాకా ఆగాల్సివచ్చింది.