ఎన్‌జిన్‌ఎక్స్ యాక్సెస్ లాగ్ బఫర్లకు ఇంత మెమరీ ఎందుకు పడుతోంది?

వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఎన్‌జిన్‌ఎక్స్ నడిచే ఒకే సర్వర్‌లో 200 సైట్లు, 8 వర్కర్లు (రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రాసెస్‌లు), ప్రతి సైట్ యాక్సెస్ లాగ్‌కూ (వచ్చిన రిక్వెస్టులను నమోదు చేసే ఫైల్) 1 ఎంబీ బఫర్ (ఫైల్‌లోకి రాసేముందు లైన్లను దాచే మెమరీ) పెట్టానని, వర్కర్ల మెమరీ మెల్లగా పెరిగిపోతోందని అడిగారు.

బఫర్ ఒక్కో లాగ్ ఫైల్‌కు ఒకటి, అదీ ప్రతి వర్కర్‌లోనూ విడివిడిగా ఉంటుంది. 200 × 8 × 1 ఎంబీ అంటే దాదాపు 1.6 జీబీ! వర్కర్ మొదలవగానే ఇంతా పట్టదు. లాగ్ లైన్లు రాసేకొద్దీ ఆ బఫర్ల మెమరీ కొంచెం కొంచెంగా ర్యామ్‌లోకి వస్తుంది, అందుకే పెరుగుదల మెల్లగా కనిపిస్తోంది.

బఫర్ 32 కేబీకి తగ్గించి, ఫ్లష్ (బఫర్‌లోని లైన్లను ఫైల్‌లోకి రాసే గడువు) 5 సెకన్లు పెట్టండి. గరిష్ఠంగా 50 ఎంబీ అవుతుంది. నేనైతే కాన్ఫిగరేషన్‌లో ఒక్కో సైట్‌కు ఉన్న యాక్సెస్ లాగ్ సెట్టింగులన్నీ తీసేసి, సైట్లన్నిటికీ వర్తించే హెచ్‌టీటీపీ బ్లాక్‌లో ఒకే లాగ్ ఫైల్ పెడతాను. ఫైల్ ఒకటైతే వర్కర్‌కు బఫరూ ఒకటే. లాగ్ ఫార్మాట్‌లో హోస్ట్ పేరు చేర్చుకుంటే ఏ లైన్ ఏ సైట్‌దో తర్వాత విడదీసుకోవచ్చు. ఫైల్ పేరులోనే వేరియబుల్ పెట్టి విడగొట్టాలని మాత్రం చూడకండి, అప్పుడు బఫరింగే పనిచేయదు.

ఈ మార్పుల కోసం ఎన్‌జిన్‌ఎక్స్‌ను రీలోడ్ చేశాక పాత వర్కర్లు తమ కనెక్షన్లు ముగిసేదాకా బతికే ఉంటాయి. కాసేపు మెమరీ ఎక్కువ కనిపిస్తే కంగారు పడకండి.