చిన్నపిల్లల్లో దడుపు పోవాలంటే ఆ సంగతి మాట్లాడించాలా, మరిపించాలా?

మీ బాబుకు ఐదేళ్లు, స్కూల్ ఆటో బోల్తా పడి రెండు నెలలైంది, దెబ్బలు మానినా ఆటో ఎక్కనంటున్నాడు, రాత్రిళ్లు ఉలిక్కిపడి లేస్తున్నాడు అని రాశారు. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాటే ఎత్తొద్దంటున్నారు, సైకాలజిస్టేమో మెల్లగా మాట్లాడించాలంటున్నారు, ఎవరి మాట వినాలని అడిగారు. సైకాలజిస్ట్ మాట వినండి. మా పాప విషయంలో కళ్లారా చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మా మీద పడినప్పుడు పాపకు కూడా ఐదేళ్లే. కింది వాటా మాది, నీళ్లు లోపలికి వస్తుంటే పాపను ఎత్తుకుని మేడ మీదకు పరుగెత్తాం, పడవ వచ్చేదాకా పైవాటా వాళ్లింట్లోనే ఉన్నాం. నీళ్లు పోయి, బురద కడుక్కుని, మళ్లీ ఇల్లు సర్దుకున్నాక అసలు కష్టం మొదలైంది. మబ్బు పడితే నన్ను వదిలేది కాదు, బకెట్ నిండుతున్న చప్పుడుకే చెవులు మూసుకునేది, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ వచ్చింది. ఆడుకోమంటే ఒకటే ఆట, బొమ్మలన్నిటినీ మంచం మీదకు ఎక్కించి "నీళ్లొస్తున్నాయి, నీళ్లొస్తున్నాయి" అనడం, అందులో సరదా అన్నదే ఉండేది కాదు. దడుచుకుందన్నారు, దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం, అవేవీ తప్పని నేను అనను. కానీ ఇలాంటివి నెల దాటినా తగ్గకుండా పిల్లల తిండికీ నిద్రకీ బడికీ అడ్డం పడుతుంటే పీటీఎస్‌డీ (పెద్ద ప్రమాదమో విపత్తో జరిగాక మనసులో ఉండిపోయే భయం జబ్బు) ఏమో చూపించుకోవాలి. ఇంత చిన్నవాళ్లకు అదేంటి అనుకోకండి, ఆరేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లల కోసం అమెరికా మానసిక వైద్యులు 2013లో తెచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక జబ్బుల లక్షణాల పుస్తకంలో విడిగా లక్షణాలు రాశారు, ఎందుకంటే వీళ్లు మాటల్లో చెప్పలేరు, ఆటలో చూపిస్తారు.

మా సైకాలజిస్ట్ చేసింది ట్రామా ఫోకస్డ్ సీబీటీ, అంటే జరిగినదాని వల్ల పట్టుకున్న భయాన్నీ ఆలోచనల్నీ మెల్లగా మార్చే మాటల చికిత్స. మొదట్లో వరద ఊసే లేదు. ముఖాల బొమ్మలు పెట్టి ఇది భయం, ఇది కోపం అని చెప్పించడం, భయమేస్తే ఒంట్లో ఎక్కడ తెలుస్తుందో బొమ్మలో రంగు వేయించడం, బుడగలు ఊదిస్తూ మెల్లగా ఊపిరి వదలడం నేర్పడం, ఇంతే. ఆ తర్వాతే ఆ రోజు కథని పాప చేత కొంచెం కొంచెంగా బొమ్మలు గీయించారు, చాలనిపిస్తే ఆపే వీలు పాపకే ఇచ్చారు. అలా గీస్తూ ఒకరోజు, "నేను పాలు తాగనని ఏడ్చాను కదా, అందుకే నీళ్లొచ్చాయి" అంది. నా గుండె ఆగినంత పనైంది. అన్నాళ్లూ ఆ చిన్న బుర్రలో ఆ భారం మోస్తోంది, ఆ మాట ఎత్తకుండా ఉండి ఉంటే మాకు ఎప్పటికీ తెలిసేది కాదు! సైకాలజిస్ట్ ఆవిడ "కాదమ్మా, నీ తప్పేం లేదు" అని ఊరుకోలేదు, పక్కింటి బాబు కూడా ఏడ్చాడా, మరి వాళ్లిల్లు ఎందుకు మునిగింది అని అడుగుతూ పోయారు, పైన పడ్డ వాన, తెగిన కట్ట బొమ్మ వేయించారు, చివరికి పాపే "ఎక్కువ వాన వల్ల" అంది. సీబీటీలో ఆలోచన మార్చడమంటే చిన్నపిల్లలకు ఇదే.

ఇక భయం దగ్గరికి అంచెలంచెలుగా తీసుకెళ్లడం. మాకు టబ్‌లో కాళ్లు తడపడం, జల్లు పడుతుంటే కిటికీ దగ్గర కూర్చోవడం, తర్వాత గొడుగులో గేటు దాకా నడవడం. మీ వాడికైతే ఆగి ఉన్న ఆటోలో మీతో కూర్చోవడం, ఇంజిన్ ఆన్ చేయడం, వీధి చివరి దాకా వెళ్లిరావడం లాంటివి ఉండొచ్చు. ఒక మెట్టు అలవాటైతేనే పైమెట్టు.

మీ పెద్దవాళ్ల మాటలోనూ నిజం ఉంది. వచ్చిన ప్రతి చుట్టం ముందూ "ఆ రోజు ఏమైందో చెప్పు నాన్నా" అని అడిగించడం మాత్రం పిల్లాణ్ణి హింసించడమే, దానికీ థెరపీకీ సంబంధమే లేదు.

ఇది వదిలిపెట్టి వచ్చే ట్యూషన్ లాంటిది కాదు, మీరూ అందులో ఉండాలి. 3 నుంచి 6 ఏళ్ల పిల్లల మీద అమెరికాలోని పిల్లల మానసిక వైద్యుడు మైఖేల్ షీరింగా బృందం 2011లో ప్రచురించిన పద్ధతిలో కూడా తల్లికి పెద్ద పాత్రే ఉంది. నాకూ వానంటే దడే, నాతో విడిగా మాట్లాడారు, లేకపోతే నా ముఖం చూసే పాప బెదిరేది. సాధారణంగా వారానికోసారి చొప్పున 12 నుంచి 16 సార్లు పడుతుంది. మధ్యలో కథ దగ్గరికి వచ్చినప్పుడు కొన్నాళ్లు ఏడుపు పెరగొచ్చు, అప్పుడు మానేయకండి, మీ సైకాలజిస్ట్‌కు చెప్పండి, కాస్త నెమ్మదిస్తారు.

మందుల గురించి కూడా అడిగారు. బ్రిటన్‌లో చికిత్సలపై సలహాలిచ్చే నైస్ సంస్థ 2018 మార్గదర్శకాల్లో 18 ఏళ్లలోపు వాళ్లకు పీటీఎస్‌డీ కోసం మందులు ఇవ్వొద్దనే ఉంది. అయితే వేరే కారణానికి డాక్టర్ ఇప్పటికే ఏదైనా ఇస్తుంటే మీ అంతట మీరు ఆపకండి. మీ సైకాలజిస్ట్‌ను మొహమాటపడకుండా మూడు అడగండి: ఈ థెరపీలో శిక్షణ తీసుకున్నారా, ఇంత చిన్నపిల్లలతో చేశారా, మమ్మల్ని సెషన్లలో కూర్చోనిస్తారా. దగ్గర్లో అలాంటివాళ్లు లేకపోతే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ప్రభుత్వానిదే, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.